ఉప్పు, నీరు, నెత్తురు: కిడ్నీలో హార్మోన్లు నడిపే లెక్క

రెండు ల్యాబ్ రిపోర్టులు మన ఇళ్లలో తరచూ కలవరం పుట్టిస్తుంటాయి. బీపీకి కొత్త మాత్ర మొదలుపెట్టిన రెండు వారాలకు పరీక్ష చేయిస్తే, కిడ్నీలు వడపోసి బయటికి పంపాల్సిన వ్యర్థం క్రియాటినిన్ నెత్తుటిలో 1.2 నుంచి 1.4కు పెరిగి ఉంటుంది. ‘ఈ మాత్ర కిడ్నీలను తినేస్తోంది’ అని ఆ రోజే దాన్ని ఆపేసేవారు ఎందరో ఉన్నారు. మరో ఇంట్లో, నీరసపడి మాట తడబడుతున్న పెద్దామెను ఆసుపత్రికి తీసుకెళ్తే ‘సోడియం పడిపోయింది’ అంటారు. చప్పిడి తిండి తినడం వల్లే ఇలా అయిందని ఇంటిల్లిపాదీ ఆమె పథ్యాన్ని తప్పుపడతారు. ఈ రెండు అనుమానాలూ సహజంగా పుట్టేవే. కానీ మొదటి సందర్భంలో పెరిగిన అంకె చాలాసార్లు మందు పనిచేస్తోందనడానికి గుర్తు. రెండో సందర్భంలో తగ్గిన అంకె ఎక్కువగా ఉప్పు గురించి కాక, నీటి గురించి చెబుతుంది.

ఈ చిక్కుముడి విప్పాలంటే కిడ్నీలోకి వచ్చే నెత్తుటిని, అందులో మిగిలే ఉప్పును ఏ హార్మోన్ ఎప్పుడు, ఎక్కడ పట్టి ఆపుతుందో తెలియాలి. ఒంట్లో నీరూ ఉప్పూ నిండుగా ఉన్నప్పుడు ఒక తీరుగా, ఒళ్లు ఎండినప్పుడు మరో తీరుగా ఈ హార్మోన్లు పనిచేస్తాయి. ఒకే మాత్ర పండగ రోజున మేలు చేసి, వాంతులు పట్టుకున్న రోజున కీడు చేయడానికి కారణం అదే.

రోజుకు కిలోన్నర ఉప్పు

పిడికిలంత కిడ్నీ సుమారు 150 గ్రాముల బరువు ఉంటుంది. రెండూ కలిసి ఒంటి బరువులో అర శాతానికి అటూ ఇటూగా ఉంటాయి. అయినా గుండె నిమిషానికి పంపే ఐదు లీటర్ల నెత్తుటిలో లీటరుకు పైగా, అంటే ఐదో వంతుకు మించి, వీటికే వెళుతుంది. కిడ్నీ బతకడానికి ఇంత నెత్తురు అక్కర్లేదు. వడపోతకే ఇదంతా కావాలి. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల నెఫ్రాన్లుంటాయి. ప్రతి నెఫ్రాన్ మొదట్లో సన్నని రక్తకేశనాళికల ముద్ద ఒకటి ఉంటుంది, దాన్ని గ్లోమెరులస్ అంటారు. దాని వెంట మెలికలు తిరిగే పొడవాటి గొట్టం ఉంటుంది. నెత్తుటిలోని నీరు, ఉప్పు, చక్కెర, యూరియా, క్రియాటినిన్ వంటి చిన్న పదార్థాలు గ్లోమెరులస్ గోడల గుండా ఈ గొట్టంలోకి దిగుతాయి; రక్తకణాలు, పెద్ద మాంసకృత్తులు నెత్తుటిలోనే ఉండిపోతాయి.

ఈ వడపోత ఆరోగ్యవంతుడిలో నిమిషానికి సుమారు 125 మిల్లీలీటర్లు, రోజుకు 180 లీటర్లు. లీటరుకు 140 మిల్లీమోళ్ల చొప్పున రోజూ వడపోతలోకి దిగే సోడియం 25,200 మిల్లీమోళ్లు. దీన్ని వంటింటి ఉప్పులోకి మారిస్తే దాదాపు 1,470 గ్రాములు, అంటే కిలోన్నర. మనిషి రోజుకు తినే ఉప్పు పది గ్రాములనుకుంటే, ఒంట్లో నిల్వ పెరగకుండా, తరగకుండా ఉండటానికి మూత్రంలో పోవాల్సింది కూడా ఆ పది గ్రాములే (చెమటలో, మలంలో పోయేది మామూలు రోజుల్లో కొద్దిగానే ఉంటుంది). అంటే వడపోతలోకి దిగిన ఉప్పులో 99.3 శాతం తిరిగి నెత్తుటిలోకి చేరాలి. అది 98.3 శాతమైతే చాలు, రోజుకు మరో 15 గ్రాముల ఉప్పు మూత్రంలో కొట్టుకుపోతుంది, అది తిన్నదానికంటే ఎక్కువ. ఒక్క శాతం తేడాకు ఇంత మూల్యం ఉన్నచోట లెక్క తప్పకుండా కాపలా ఉండాలి కదా! ఆ కాపలాదారులే హార్మోన్లు.

తెచ్చే దారి, తీసుకెళ్లే దారి

ఒంట్లో మిగతా చోట్ల రక్తకేశనాళికలకు ఒక పక్క ధమనిక, మరో పక్క సిర ఉంటాయి. గ్లోమెరులస్‌కు మాత్రం రెండు పక్కలా ధమనికలే, ఒకటి నెత్తుటిని తెచ్చేది, రెండోది తీసుకెళ్లేది. రెంటికీ కండరపు గోడలున్నాయి కాబట్టి రెండూ బిగుసుకోగలవు, వదులు కాగలవు.

దీన్ని వరి మడితో పోల్చి చూడవచ్చు. కాలువ వైపున్న మడవను కొంత మూస్తే మడిలో నీటిమట్టం తగ్గుతుంది. కింది చేనులోకి పోయే మడవను మూస్తే, వచ్చే నీరు పెరగకపోయినా మట్టం పెరుగుతుంది. గ్లోమెరులస్‌లో ఈ మట్టానికి సమానమైనది లోపలి పీడనం. వడపోత జరిగేది దాని వల్లే. తెచ్చే ధమనిక బిగిస్తే నెత్తురు తగ్గుతుంది, వడపోతా తగ్గుతుంది. తీసుకెళ్లే ధమనిక ఒక హద్దు వరకు బిగిస్తే కిడ్నీకి అందే నెత్తురు తగ్గినా వడపోత నిలబడుతుంది. నెత్తుటి ప్రవాహం, వడపోత ఒకటి కావన్న ఈ సంగతి గుర్తుంటే, ఇక ముందు వచ్చే మందుల వ్యవహారమంతా తేలికగా అర్థమవుతుంది.

సగటు రక్తపోటు 80 నుంచి 180 మధ్య ఎటు మారినా కిడ్నీ తన వడపోతను ఇంచుమించు ఒకేలా ఉంచుకోగలదు. ఇందులో కొంత పని ధమనిక గోడ సొంతంగా చేస్తుంది, లోపలి ఒత్తిడి పెరిగి సాగినప్పుడల్లా అది బిగుసుకుంటుంది. మిగతా పనికి గొట్టం నుంచి కబురు రావాలి.

గొట్టం తిరిగి వచ్చి తాకే చోటు

నెఫ్రాన్ గొట్టం కిడ్నీ లోతుల్లోకి దిగి, తలపిన్నులా మలుపు తిరిగి మళ్లీ పైకొచ్చి, ఎక్కడో కాకుండా సరిగ్గా తాను బయలుదేరిన గ్లోమెరులస్ దగ్గరికే, ఆ రెండు ధమనికల నడుమకే వచ్చి ఆనుకుంటుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే ఆ తాకే చోట గొట్టపు గోడ కణాలు మిగతావాటికంటే సన్నగా, నిటారుగా, కిక్కిరిసి కనిపిస్తాయి. కేంద్రకాలు దగ్గరదగ్గరగా చేరడం వల్ల అక్కడొక నల్లటి మచ్చలా ఉంటుంది. దీన్ని మాక్యులా డెన్సా అంటారు. దాని ఎదురుగా, తెచ్చే ధమనిక గోడలో, రేణువులు నిండిన కణాలుంటాయి. ఆ రేణువుల్లో ఉన్నది రెనిన్. మానవ శరీర నిర్మాణంలో ఇంత ముచ్చటైన ఏర్పాటు మరొకటి ఉందంటే నాకు నమ్మబుద్ధి కాదు. వడపోత ఫలితాన్ని వడపోత మొదలైన చోటికే తెచ్చి చూపించే ఏర్పాటు ఇది.

గొట్టంలో ఆ చోటికి చేరే ఉప్పు ఎక్కువైతే, వడపోత మితిమీరిందని మాక్యులా డెన్సా అర్థం చేసుకుని, అడినోసిన్ అనే రసాయనం ద్వారా తెచ్చే ధమనికను బిగిస్తుంది. చేరే ఉప్పు తక్కువైతే ధమనికను వదులు చేస్తుంది, రెనిన్‌ను విడుదల చేయిస్తుంది. రెనిన్‌ను కదిలించేవి ఇంకా రెండున్నాయి. తెచ్చే ధమనికలో ఒత్తిడి తగ్గి గోడ సాగడం తగ్గితే దాని కణాలే స్పందిస్తాయి. నెత్తురు కారినప్పుడు, కంగారు పడినప్పుడు, హఠాత్తుగా లేచి నిలబడినప్పుడు మేల్కొనే సింపథెటిక్ నరాలు కూడా రెనిన్‌ను పిలుస్తాయి.

రెనిన్ తనంతట తాను రక్తపోటు పెంచదు. కాలేయం నుంచి వచ్చే యాంజియోటెన్సినోజెన్ అనే ప్రోటీన్‌ను కత్తిరించి యాంజియోటెన్సిన్-1ను తయారుచేస్తుంది. ముఖ్యంగా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఉండే ఏసీఈ అనే ఎంజైమ్ దాన్ని మరికాస్త కత్తిరించి యాంజియోటెన్సిన్-2గా మారుస్తుంది. అసలు పనులన్నీ దీనివే. ఒంట్లో రక్తనాళాలను బిగిస్తుంది, కిడ్నీలో తెచ్చే ధమనిక కంటే తీసుకెళ్లే ధమనికను ఎక్కువగా బిగించి, నెత్తురు తక్కువగా వస్తున్నా వడపోతను కాపాడుతుంది, గొట్టం మొదటి భాగంలోనే ఉప్పును వెనక్కి లాగిస్తుంది, దాహం పుట్టిస్తుంది, కిడ్నీల పైన ఉండే ఎడ్రినల్ గ్రంథిని తట్టి ఆల్డోస్టెరాన్‌ను తెప్పిస్తుంది.

ఈ గొలుసు ఒక్కసారిగా బయటపడింది కాదు. స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా సంస్థలో రాబర్ట్ టైగర్‌స్టెట్, పేర్ బెర్గ్‌మన్ 1898లో కుందేళ్ల కిడ్నీల నుంచి తీసిన సారాన్ని మరో కుందేలుకు ఎక్కించి, రక్తపోటు పెరగడం చూశారు. ఆ పదార్థానికి రెనిన్ అని పేరు పెట్టారు. తర్వాత మూడు దశాబ్దాలకు పైగా దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1934లో హ్యారీ గోల్డ్‌బ్లాట్ కుక్కల కిడ్నీ ధమనికి చిన్న బిగింపు పెట్టి నెత్తుటి ప్రవాహాన్ని తగ్గిస్తే, ఒళ్లంతటికీ రక్తపోటు పెరిగింది. కరవు కిడ్నీ ఒక్కదానికే వచ్చినా, ఒళ్లంతటికీ వచ్చిందనే కిడ్నీ అనుకుంటుందన్నమాట. యాంజియోటెన్సిన్‌ను బ్యూనస్ ఎయిర్స్‌లో ఒక బృందం, అమెరికాలో మరో బృందం విడివిడిగా కనిపెట్టి రెండు పేర్లు పెట్టుకున్నాయి. ఆ రెంటినీ కలిపి 1958లో నేటి పేరు ఖాయం చేశారు.

చివరి మూడు శాతం మీద పెత్తనం

గొట్టం పొడవునా ఉప్పు ఒకే తీరుగా వెనక్కి రాదు. మొదటి భాగంలో మూడింట రెండొంతులు, తలపిన్ను మలుపు దాటి పైకొచ్చే భాగంలో పావు వంతు, ఆ తర్వాత ఐదు శాతం వరకు వెనక్కి వస్తుంది. చిట్టచివరి సేకరణ నాళాల్లో మిగిలేది రెండు, మూడు శాతమే. ఆల్డోస్టెరాన్ ఏలేది ముఖ్యంగా ఈ చివరి భాగాన్నే. మూడు శాతమంటే చిన్నదిగా తోస్తుంది గాని, 1,470 గ్రాముల్లో అది 44 గ్రాములు, మనం తినేదానికి నాలుగు రెట్లు. ఈ హార్మోన్ కణం లోపలికి వెళ్లి జన్యువులను మేల్కొలిపి, కొత్త సోడియం ద్వారాలను కట్టిస్తుంది. అందుకే దీని ప్రభావం తెలియడానికి గంట, రెండు గంటలైనా పడుతుంది. సోడియంను లోపలికి లాగేటప్పుడు బదులుగా పొటాషియంను మూత్రంలోకి నెడుతుంది. నెత్తుటిలో పొటాషియం పెరిగినా, రెనిన్ ప్రమేయం లేకుండానే, ఎడ్రినల్ గ్రంథి ఆల్డోస్టెరాన్‌ను వదులుతుంది.

ఒక మోటు లెక్క వేద్దాం. రోజుకు 6 గ్రాముల ఉప్పు తినే మనిషి కొత్త ఆవకాయ కలిపిన వారంలో 12 గ్రాములు తింటున్నాడనుకుందాం. అదనంగా వచ్చిన 6 గ్రాములను కిడ్నీ మొదటి రోజే బయటికి పంపదు. మొదటి రోజు 3 గ్రాములు మిగిలిపోతాయి, రెండో రోజు ఒకటిన్నర, మూడో రోజు ముప్పావు... ఇలా నాలుగైదు రోజులకు తిన్నదీ పోయేదీ సమమయ్యేసరికి ఒంట్లో మొత్తం 6 గ్రాములు చేరి ఉంటాయి. ఉప్పు ఒంటరిగా ఉండదు. సెలైన్ సీసాలో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది, ఒంట్లోనూ కణాల బయటి ద్రవంలో ఇంచుమించు అదే పాళ్లు. కాబట్టి 6 గ్రాముల ఉప్పు 650 మిల్లీలీటర్లకు పైగా నీటిని పట్టి ఉంచుతుంది, తూకంలో అరకిలోకు పైనే తేడా చూపిస్తుంది. ఈ నిండుదనాన్ని గమనించే రెనిన్ తగ్గుతుంది, దాని వెంట ఆల్డోస్టెరాన్ తగ్గుతుంది, ఉప్పు బయటికి పోవడం మొదలవుతుంది. పాత తిండికి రాగానే ఆ ఉప్పూ నీరూ రెండూ దిగిపోతాయి.

ఇలా తగ్గాల్సినప్పుడు ఆల్డోస్టెరాన్ తగ్గకపోతే? 1955లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యుడు జెరోమ్ కాన్ వివరించిన జబ్బు అదే. రెనిన్ అడగకుండానే ఎడ్రినల్ గ్రంథి ఆల్డోస్టెరాన్‌ను కురిపిస్తుంది. రక్తపోటు పెరుగుతుంది, చాలామందిలో పొటాషియం తగ్గి కండరాలు నీరసిస్తాయి. చాలాకాలం అరుదనుకున్న ఈ స్థితి మందులకు లొంగని బీపీ ఉన్నవారిలో తరచుగానే ఉంటుందని ఇప్పుడు తెలుస్తోంది. మన ఇళ్లలో దగ్గుకు, గొంతునొప్పికి వాడే అతిమధురానికి కూడా ఇక్కడ చోటుంది. అందులోని గ్లిసిరైజిన్, కార్టిసాల్ అనే వేరే హార్మోన్‌ను ఆల్డోస్టెరాన్ గ్రాహకం (హార్మోన్ వచ్చి అతుక్కునే చోటు) దగ్గరికి చేరకుండా ఆపే ఎంజైమ్‌ను అణచేస్తుంది. కొద్దిరోజులు కొద్దిగా వాడితే ఏమీ కాకపోవచ్చు. వారాల తరబడి ఎక్కువ మోతాదులో తింటే మాత్రం ఆల్డోస్టెరాన్ పెరగకుండానే పెరిగినట్టుగా రక్తపోటు ఎక్కుతుంది, పొటాషియం పడిపోతుంది.

‘సోడియం పడిపోయింది’ అంటే ఏమిటి

రిపోర్టులో కనిపించే 140 లేదా 126 అనే అంకె ఒంట్లో ఎంత ఉప్పుందో చెప్పదు. లీటరు నెత్తుటి ద్రవంలో ఎంత సోడియం ఉందో, అంటే పాళ్లెలా ఉన్నాయో చెబుతుంది. పాళ్లు ఉప్పు తగ్గినా మారతాయి, నీరు పెరిగినా మారతాయి. ఒంట్లో ఉప్పు ఎంతన్నది ఆల్డోస్టెరాన్ చూసుకుంటే, పాళ్లు చూసుకునేది మెదడులో తయారై పిట్యూటరీ గ్రంథి నుంచి విడుదలయ్యే వేసోప్రెసిన్. నెత్తుటి చిక్కదనం ఒక శాతం పెరిగితే చాలు ఇది కదులుతుంది, సేకరణ నాళాల గోడల్లో నీటి ద్వారాలను తెరిపించి నీటిని వెనక్కి రప్పిస్తుంది. ఆక్వాపోరిన్లనే ఈ ద్వారాల జాతిని కనిపెట్టినందుకే పీటర్ ఆగ్రేకు 2003లో రసాయన శాస్త్ర నోబెల్‌లో భాగం దక్కింది. వేసోప్రెసిన్ పూర్తిగా ఉంటే రోజు వ్యర్థాలన్నిటినీ కిడ్నీ అర లీటరు చిక్కటి మూత్రంలో పంపగలదు; అసలు లేకపోతే అవే వ్యర్థాలకు పది, పన్నెండు లీటర్ల పలుచని మూత్రం పోతుంది.

ఇప్పుడు మొదట్లో చెప్పుకున్న పెద్దామె సంగతి. ఆమె ఒంట్లో 28 లీటర్ల నీరుందనీ, సోడియం 140 అనీ అనుకుందాం. న్యుమోనియా వల్లో, నొప్పి లేదా వికారం వల్లో, వాడుతున్న ఏదో మందు వల్లో వేసోప్రెసిన్ అనవసరంగా వస్తూనే ఉంది. తాగిన నీటిలో 3 లీటర్లు బయటికి పోలేదు. 140ని 28తో హెచ్చించి 31తో భాగిస్తే 126 వస్తుంది. ఒక్క గ్రాము ఉప్పు పోకుండానే సోడియం 126కు పడిపోయింది! ఇది సూక్ష్మాలు వదిలేసిన లెక్కే అయినా, వైద్యులు నీరు తగ్గించమని ఎందుకంటారో దీంతో తెలుస్తుంది. థయజైడ్ రకం మూత్రపు మాత్రలు వాడే వృద్ధుల్లో ఉప్పు పోవడం, నీరు నిలవడం రెండూ కలుస్తాయి కాబట్టి అక్కడ కథ మరికొంత క్లిష్టం. దీనికి ఎదురుగా మరో స్థితి ఉంది. విరేచనాల్లో ఉప్పూ నీరూ ఒకే పాళ్లలో పోయిన మనిషికి రక్తపోటు పడిపోతున్నా రిపోర్టులో సోడియం 139 అని, అంతా బాగున్నట్టే రావచ్చు.

అలా నెత్తుటి పరిమాణం పదో వంతు దాకా తగ్గినప్పుడు వేసోప్రెసిన్ పాళ్ల సంగతి వదిలేస్తుంది. నెత్తురు పలుచబడుతున్నా సరే, నీటిని పట్టుకోవడమే ముఖ్యమనుకుంటుంది. గుండె బలహీనపడినవారిలో జరిగేది ఇదే. కాళ్లు వాచి, ఒంట్లో నీరూ ఉప్పూ మిక్కిలిగా ఉన్నా, గుండె పంపే నెత్తురు కిడ్నీకి సరిగా చేరదు. లేని కరవును ఉందనుకుని రెనిన్, ఆల్డోస్టెరాన్, వేసోప్రెసిన్ మూడూ ఇంకా కూడబెడుతూనే ఉంటాయి.

అదుపు చేసే హార్మోన్లు

పట్టి ఉంచే హార్మోన్లే తప్ప విడిచిపెట్టించేవి లేవా అన్న ప్రశ్నకు 1981లో జవాబు దొరికింది. కెనడాలో అడోల్ఫో డి బోల్డ్ బృందం ఎలుకల గుండె పై గదుల సారాన్ని మరో ఎలుకకు ఎక్కిస్తే మూత్రంలో ఉప్పూ నీరూ ఉధృతంగా పోయాయి. గుండె కూడా ఒక హార్మోన్ గ్రంథి అని అప్పుడే తేలింది. గుండె గోడ సాగినప్పుడు విడుదలయ్యే ఈ హార్మోన్ ఏఎన్‌పీ తెచ్చే ధమనికను వదులు చేస్తుంది, రెనిన్‌ను, ఆల్డోస్టెరాన్‌ను తగ్గిస్తుంది. దీని కుటుంబానికే చెందిన బీఎన్‌పీని కొలిచి ఆయాసం గుండె వల్లనా కాదా అని ఇప్పుడు ఆసుపత్రుల్లో అంచనా వేస్తున్నారు.

రెండో అదుపు కిడ్నీలోనే పుట్టి కిడ్నీలోనే పనిచేసే ప్రోస్టాగ్లాండిన్లు. తెచ్చే ధమనికను ఇవి తెరిచి ఉంచుతాయి. ఒంట్లో నీరు నిండుగా ఉన్నప్పుడు వీటి అవసరం అంతగా ఉండదు. వీటిని ఆపేసినా తేడా కనిపించదు. ఒళ్లు ఎండి యాంజియోటెన్సిన్, నరాల ఉద్రేకం రెండూ నాళాలను బిగిస్తున్నప్పుడు, కిడ్నీకి ఆ మాత్రం నెత్తురైనా అందుతున్నదంటే వీటి చలవే. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపే మందులు.

మే నెలలో ఒక మధ్యాహ్నం

పల్నాడు ఎండలో పనిచేసే 52 ఏళ్ల తాపీ మేస్త్రీని ఊహించుకుందాం. బీపీకి టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర ఏళ్లుగా వేసుకుంటున్నాడు, క్రియాటినిన్ 1.1. ఆ రోజు నాలుగు లీటర్ల చెమట పోసింది. లీటరు చెమటలో మనిషిని బట్టి ఒకటి నుంచి నాలుగు గ్రాముల ఉప్పు పోతుంది. సగటున రెండనుకున్నా మొత్తం ఎనిమిది గ్రాములు. పైగా మూత్రపు మాత్ర వల్ల మరికొంత పోతోంది. నెత్తుటి పరిమాణం తగ్గగానే రెనిన్ లేచింది, యాంజియోటెన్సిన్-2 పెరిగింది. కానీ తీసుకెళ్లే ధమనికను అది బిగించబోతే దాని గ్రాహకాన్ని టెల్మిసార్టన్ మూసి కూర్చుంది. ఇంకా ప్రోస్టాగ్లాండిన్లు తెచ్చే ధమనికను తెరిచి ఉంచాయి కాబట్టి కిడ్నీ నెట్టుకొస్తోంది. సాయంత్రం మోకాళ్ల నొప్పికి మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్ వేసుకున్నాడు, రాత్రి మరొకటి. వచ్చే మడవ మూసుకుంది, పోయే మడవ తెరిచే ఉంది, కాలువలో నీళ్లు లేవు. రెండు రోజుల్లో క్రియాటినిన్ 2.3కు చేరితే ఆశ్చర్యం లేదు.

ఆ మూడు మందుల్లో ఏ ఒక్కటీ విషం కాదు. అదే మేస్త్రీ జనవరిలో అదే నొప్పి మాత్ర ఒక రోజు వేసుకుంటే బహుశా ఏమీ అయ్యేది కాదు. బ్రిటన్‌లో దాదాపు 4.87 లక్షల మంది బీపీ రోగుల వివరాలతో 2013లో వెలువడిన అధ్యయనంలో, ఈ మూడు రకాలూ కలిపి వాడినవారికి హఠాత్తుగా కిడ్నీ దెబ్బతినే ముప్పు 31 శాతం, తొలి 30 రోజుల్లోనైతే 82 శాతం ఎక్కువగా కనిపించింది. వాంతులు, విరేచనాలు ఉన్న రోజుల్లో బీపీ మాత్రలను తాత్కాలికంగా ఆపమని కొందరు వైద్యులు ముందే రాసిస్తారు. అలా ఆపినవారు మళ్లీ మొదలుపెట్టకుండా ఉండిపోతారని, అది మరో ప్రమాదమని ఇంకొందరు వాదిస్తారు. రెండు వాదాల్లోనూ నిజముంది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గురించి ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. షుగర్, బీపీ లేనివారిలోనూ కనిపించే అక్కడి కిడ్నీ జబ్బుకు కారణం ఇప్పటికీ నిర్ధారణ కాలేదు. మధ్య అమెరికా చెరకు కూలీల్లో ఉన్న ఇలాంటి జబ్బును చూసి, ఎండలో రోజూ ఒళ్లు ఎండడం, ఆ వెంట వేసోప్రెసిన్ పదేపదే పెరగడం కిడ్నీని కొద్దికొద్దిగా దెబ్బతీస్తాయని కొందరు పరిశోధకులు ప్రతిపాదించారు. అంతే ఎండ, అంతే శ్రమ ఉన్న ఎన్నో చోట్ల ఈ జబ్బు ఈ స్థాయిలో లేదే అన్న అభ్యంతరానికి ఆ సిద్ధాంతం ఒక్కటే జవాబు చెప్పలేకపోతోంది. అది కారణాల్లో ఒకటి కావచ్చు. అంతకుమించి అనడానికి ఆధారం చాలదు.

పెరిగిన క్రియాటినిన్: హానికా, రక్షణకా గుర్తు?

బ్రెజిల్‌లోని జరరాకా పాము విషం మీద సెర్జియో ఫెరేరా 1960లలో చేసిన పని ఏసీఈని అణచే మందులకు దారితీసింది, 1981లో కాప్టోప్రిల్ అమెరికాలో అనుమతి పొందింది. తర్వాత వచ్చిన రామిప్రిల్, ఎనలాప్రిల్, గ్రాహకాన్నే మూసే లొసార్టన్, టెల్మిసార్టన్, అన్నీ తీసుకెళ్లే ధమనికను వదులు చేస్తాయి. షుగర్ ఉన్నవారిలో గ్లోమెరులస్ లోపలి పీడనం ఏళ్ల తరబడి ఎక్కువగా ఉండి దాని గోడలను దెబ్బతీస్తుంది, ప్రోటీన్ మూత్రంలోకి కారుతుంది. ఆ పీడనం తగ్గితే వడపోత కొంత తగ్గుతుంది, క్రియాటినిన్ కొంత పెరుగుతుంది. కానీ గోడలకు ఊరట దక్కుతుంది. టైప్-1 షుగర్ వల్ల కిడ్నీ జబ్బు వచ్చిన 409 మందిపై 1993లో వెలువడిన అధ్యయనంలో, కాప్టోప్రిల్ వాడినవారికి క్రియాటినిన్ రెట్టింపయ్యే ముప్పు దాదాపు సగానికి తగ్గింది.

అందుకే మందు మొదలయ్యాక 30 శాతం వరకు పెరుగుదలను సాధారణంగా వైద్యులు ఒప్పుకుంటారు. 1.2 నుంచి 1.4 అంటే 17 శాతం. 1.2 నుంచి 2.1 అయితే 75 శాతం. అప్పుడు ఒళ్లు ఎండిందా, నొప్పి మాత్రలు తోడయ్యాయా, గోల్డ్‌బ్లాట్ కుక్కల్లోలా కిడ్నీ ధమనులే సన్నబడ్డాయా అని వెతకాల్సి వస్తుంది. ఈ 30 శాతం హద్దునూ అందరూ ఒకేలా చూడరు. అంతకంటే తక్కువ పెరుగుదల కూడా కొందరిలో ముందుముందు ఇబ్బందులకు సూచన అని చూపిన పరిశీలనలున్నాయి. కిడ్నీ పనితనం బాగా క్షీణించిన దశలో ఈ మందులు ఆపితే కిడ్నీ కొంత తేరుకుంటుందన్న వాదనను బ్రిటన్‌లో 411 మందిపై పరీక్షించారు. 2022లో వెలువడిన ఫలితాల ప్రకారం మూడేళ్ల తర్వాత, ఆపినవారికీ కొనసాగించినవారికీ కిడ్నీ పనితనంలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే కొత్త షుగర్ మందులు అదే ఫలితాన్ని అవతలి వైపు నుంచి సాధిస్తాయి. గొట్టం మొదట్లో చక్కెరతో పాటు సోడియం వెనక్కి రాకుండా ఆపడంతో మాక్యులా డెన్సాకు చేరే ఉప్పు పెరుగుతుంది. వడపోత మితిమీరిందనుకుని అది తెచ్చే ధమనికను బిగిస్తుంది. వీటితోనూ మొదటి వారాల్లో క్రియాటినిన్ కాస్త పెరిగి, తర్వాత ఏళ్లలో కిడ్నీ క్షీణత నెమ్మదిస్తుంది.

ఎంత ఉప్పు: ఇంకా తేలని వాదం

రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 17 దేశాల్లో, మన దేశంతో సహా, లక్షమందికి పైగా వివరాలతో ‘ప్యూర్’ అధ్యయనం 2014లో చెప్పినది వేరు. రోజుకు 3 నుంచి 6 గ్రాముల సోడియం, అంటే ఏడున్నర నుంచి 15 గ్రాముల ఉప్పు తినేవారిలో మరణం, గుండెజబ్బుల ముప్పు అతి తక్కువగా ఉందని, అంతకంటే తక్కువ తిన్నా, ఎక్కువ తిన్నా పెరిగిందని అది చెప్పింది. ఆ పక్షం వారు హార్మోన్లనే సాక్ష్యంగా చూపుతారు: ఉప్పు బాగా తగ్గిస్తే రెనిన్, ఆల్డోస్టెరాన్ పెరుగుతాయి, అవి నాళాలకు మంచివి కావు అంటారు. అవతలి పక్షం అభ్యంతరాలు రెండు. ఒక్క పొద్దుటి మూత్రం నుంచి సూత్రంతో అంచనా వేసిన ఉప్పు లెక్క నమ్మదగినది కాదు; జబ్బుతో ఉన్నవారు తిండి తగ్గడం వల్లే తక్కువ ఉప్పు తింటూ ఉండవచ్చు. పలుమార్లు 24 గంటల మూత్రం సేకరించి కొలిచిన అమెరికా పరిశీలనల్లో ఉప్పు తగ్గేకొద్దీ ముప్పు తగ్గుతూనే వచ్చింది. ఉప్పు ఎరుగని అమెజాన్ యానోమామీ తెగ వారిలో రెనిన్, ఆల్డోస్టెరాన్ చాలా ఎక్కువ. రక్తపోటు మాత్రం తక్కువ, వయసుతో పెరగదు. ఈ పోటీలో అవతలి పక్షానిదే పైచేయి అని నాకు అనిపిస్తుంది, ఎందుకంటే కొలత తప్పినచోట ఎంతమందిని లెక్కించినా తప్పు పోదు. అయితే ఎండలో చెమటోడ్చే మేస్త్రీకీ, ఏసీ గదిలో కూర్చునే ఉద్యోగికీ ఒకే అంకె ఎలా సరిపోతుందన్న ప్రశ్నకు ఏ పక్షమూ తృప్తికరంగా బదులివ్వలేదు.

వాదం తెగకపోయినా ఒక నడిమి దారి దొరికింది. చైనాలో 600 గ్రామాల్లో దాదాపు 21 వేల మందిపై ఐదేళ్ల పాటు జరిగి 2021లో వెలువడిన పరీక్షలో, మామూలు ఉప్పుకు బదులు నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు వాడినవారికి పక్షవాతాలు 14 శాతం తగ్గాయి. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి ఉప్పును సూచిస్తూనే కిడ్నీ జబ్బున్నవారిని, పిల్లలను, గర్భిణులను ఆ సూచన నుంచి మినహాయించింది. కిడ్నీ జబ్బున్నవారి మినహాయింపునకు కారణం ఆ చివరి మూడు శాతం దగ్గరే ఉంది. తిన్న పొటాషియంను బయటికి నెట్టేది ఆల్డోస్టెరాన్. టెల్మిసార్టన్, రామిప్రిల్ దాన్ని తగ్గిస్తాయి, స్పైరోనోలాక్టోన్ దాని గ్రాహకాన్నే మూస్తుంది. నెఫ్రాన్లు అసలే తగ్గిన కిడ్నీలో ఈ మందులకు తోడు పొటాషియం ఉప్పు కూడా చేరితే, పోయే దారి లేక నెత్తుటిలో నిలిచిన ఆ పొటాషియం గుండె లయను దెబ్బతీస్తుంది.